కుప్పకు నలుగురు

పర్చూరు,
18 ఫిబ్రవరి 2025

నజ్మీన్‌కు అత్త రసూల్‌బీ రాస్తున్నది.

దీవెనలు తర్వాత. ముందు ఈ సంగతి చెప్పు. పత్తి మిల్లు గేటు మీద నిన్న ఒక కాగితం అంటించారు. డిసెంబరులో మీ హైదరాబాదు ఆఫీసువాళ్ళు వచ్చి ఆడవాళ్ళ చేత మిషన్లో ఊదించుకుని పోయారే, దాని ఫలితమట. 'మిల్లులో పనిచేసే స్త్రీల ఊపిరితిత్తులు చుట్టుపక్కల గ్రామాల స్త్రీల ఊపిరితిత్తులకన్నా మెరుగ్గా ఉన్నాయి' అని పెద్ద అక్షరాలతో వేశారు. కింద నాలుగు పేర్లు. మూడో పేరు షేక్ నజ్మీన్, గణాంక నిపుణురాలు. మేనేజరు ఆ కాగితం పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీకు ఎక్కాలు నేర్పింది నేను. నా మేనకోడలు లెక్కల్లో పెద్ద చదువు చదివిందని ఊరంతా చెప్పుకు తిరిగింది కూడా నేనే. నిన్న మాత్రం తల వంచుకుని ఇంటికొచ్చాను.

జాన్‌బీ ఎక్కడ ఊదింది? ఏడేళ్ళ కిందట మిల్లు మానేసింది, ఇప్పుడు బస్టాండు దాకా నడవలేదు. హనుమాయమ్మ ఎక్కడ ఊదింది? గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది, పడుకుంటే పిల్లికూతలు. నడవగలిగినవాళ్ళే పనికి వస్తారు, పనికి వచ్చినవాళ్ళనే మీరు చూశారు. చూసి, అందరూ బాగున్నారని రాశారు. ఇంత చదువు చదివి మీరు కనిపెట్టింది ఇదా?

ఏప్రిల్ ఇరవై ఐదున గుంటూరులో కమిటీ కూర్చుంటుందట. దుమ్ము లాగే యంత్రాలు పెట్టాలా వద్దా, మానేసినవాళ్ళ జబ్బు పని వల్ల వచ్చిందేనని ఒప్పుకోవాలా వద్దా, అంతా మీ రిపోర్టు చూసే తేలుస్తారట. అది తప్పయితే ఇక్కడ ఎవరికీ ఏమీ రాదు.

ఫోను చెయ్యకు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. కాగితం మీద రాయి.

డాబా మీద మిరపకాయలు ఆరబోశాం, మబ్బు పట్టింది. వెళ్ళాలి.

కోపంతో,
నీ అత్త

*

హైదరాబాదు,
25 ఫిబ్రవరి 2025

అత్తకు నజ్మీన్ సలాం.

ఈ కాలంలో ఉత్తరం రాయమంటే పోస్టాఫీసు వెతుక్కోవడానికే నాకు ఒక పూట పట్టింది. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి నువ్వు చెప్పింది నిజమని తెలిసింది. మూడోసారి సిగ్గేసింది.

మిల్లువాళ్ళు మాకు హాజరు పట్టీ ఇచ్చారు. అందులో ఉన్న నూట పద్దెనిమిదిమంది చేత ఊదించాం. ఊళ్ళల్లో ఆడవాళ్ళ లెక్క పాత సర్వేలోంచి తీసుకున్నాం. అందులో మంచం పట్టినవాళ్ళూ ఉన్నారు, జబ్బు చేసి ఏ పనికీ పోలేనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో పోలిస్తే మిల్లుకి నడిచి రాగలిగినవాళ్ళు బాగానే కనిపిస్తారు. పనిలో ఉన్నవాళ్ళని మాత్రమే కొలిస్తే ఎంత చెడ్డ పనైనా మంచిదనిపిస్తుందని మా పుస్తకాల్లో మొదటి సంవత్సరమే చెబుతారు. నాకు తెలియక కాదు. నలభై ఒకటో పేజీలో ఒక వాక్యం రాశాను కూడా. గేటు మీద ఆ పేజీ ఎవరూ అంటించరు కదా.

మానేసినవాళ్ళ పేర్లు మిల్లుని అడిగాం. పాత పట్టీలు చెదలు తినేశాయన్నారు. నీకు గుర్తున్నవాళ్ళుంటే రాయి.

ఇంకొక మాట. చూడకూడదు, పేర్లు విప్పకూడదని మా నియమం. అయినా చూశాను. యాభై నాలుగేళ్ళకి నీ ఊపిరి పాతికేళ్ళ పిల్లలా ఉందత్తా. ఆ రోజు నేను స్వీట్లు పంచాను. నీకేమీ లేదు కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. మిగతావాళ్ళ కోసం నువ్వు ఇంత పోట్లాడుతున్నందుకు గర్వంగా ఉంది.

నీ నజ్మీన్

*

పర్చూరు,
4 మార్చి 2025

నజ్మీన్‌కు దీవెనలు. ఈసారి ముందే ఇస్తున్నాను.

ఒక్కపొద్దులు మొదలయ్యాయి. తమ్ముడు పోయాక ఇది నాలుగో రంజాన్, నువ్వు ఒక్కసారీ రాలేదు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఇదుగో పంతొమ్మిది పేర్లు. వెనక కాగితంలో ఊరు, వీధి, ఎవరి భార్య, ఏ ఏడు మానేసింది, అన్నీ రాశాను. పంతొమ్మిదిమందికీ దగ్గే, పంతొమ్మిదిమందికీ ఆయాసమే. ఎవరి గడపెక్కి అడిగినా ఒకటే మాట: ఆదివారం సెలవు ఇంట్లో బాగుంటుంది, సోమవారం మిల్లులో అడుగుపెడితే రొమ్ము బిగుసుకుపోతుంది. మీ వాళ్ళు శనివారం వచ్చి ఊదించారు. సోమవారం వచ్చుంటే మిషనే పారిపోయేది.

నలభై ఒకటో పేజీలో రాశానని చెప్పుకుంటున్నావు. బియ్యంలో రాళ్ళున్నాయని సంచీ అడుగున చీటీ పెట్టినట్టుంది నీ పని.

నా ఊపిరి సంగతి వదిలెయ్యి. ఈ పంతొమ్మిదిమంది సంగతి చూడు.

రసూల్‌బీ

*

హైదరాబాదు,
10 మార్చి 2025

అత్తా,

నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. ఈ పంతొమ్మిది పేర్లు నాకు పనికిరావు.

మిల్లు బాగున్నవాళ్ళని ఏరి ఇచ్చింది. నువ్వు బాగాలేనివాళ్ళని ఏరి ఇచ్చావు. రెండూ ఏరడమే. ఇది కమిటీ ముందు పెడితే మేనేజరు లాయరు మొదటి ప్రశ్నకే నన్ను కూర్చోబెట్టేస్తాడు: 'మానేసి హాయిగా ఉన్నవాళ్ళు ఎందరమ్మా?' అంటాడు. మా పెద్దసారైతే ఇంకా దూరం వెళ్ళి, మీ అత్త వాళ్ళకి దగ్గడం నేర్పి పంపిందా అని అడిగాడు. నేను నవ్వి ఊరుకోలేదు, ఆయనతో గొడవ పెట్టుకున్నాను. కానీ ఆ ప్రశ్న వస్తుందని నీకు తెలియాలి.

నాకు కావలసింది ఒక సీజన్. పదేళ్ళ కిందట, 2014 దీపావళి తర్వాత మిల్లు తెరిచిన రోజున పనిలో ఉన్న ఆడవాళ్ళందరూ. జబ్బుపడి మానేసినవాళ్ళు, పెళ్ళై వెళ్ళిపోయినవాళ్ళు, వేరే పని దొరికి వెళ్ళినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, ఇంకా పనిలోనే ఉన్నవాళ్ళు. ఎవరినీ వదలకూడదు, ఎవరినీ ఎక్కువ ఇష్టపడకూడదు. అక్కడ మొదలుపెట్టి ఒక్కొక్కరూ ఏమయ్యారో చూస్తేనే ఆ దుమ్ము ఏం చేసిందో తెలుస్తుంది.

అందరూ దొరకరు. దొరకనివాళ్ళ బదులు వాళ్ళలాంటివాళ్ళకి తూకం పెంచుతాం. జాన్‌బీ మానేసిన ఏడే మానేసినవాళ్ళు ముగ్గురనుకో, వాళ్ళలో ఒక్క జాన్‌బీ దొరికితే జాన్‌బీని ముగ్గురిగా లెక్కేస్తాం. ఇది ఒప్పుకున్న పద్ధతే, మోసం కాదు.

ఒక్కపొద్దుతో ఎండలో తిరక్కు. మీ అబ్బాయి అన్వర్‌ని పంపు.

నజ్మీన్

*

పర్చూరు,
22 మార్చి 2025

ఏమే నజ్మీన్,

దగ్గడం నేర్పానా? మీ పెద్దసారుని ఒక్క సోమవారం ఇక్కడికి పంపు. నేర్పకుండానే దగ్గుతాడు.

నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. మూడో రోజు, అన్వర్ ఆటోలో పొదిలి పోతుంటే నేనూ ఎక్కాను. అక్కడ లక్ష్మీదుర్గ ఉంది, నీకు గుర్తుండదు. 2016లో మానేసి కుట్టుమిషను పెట్టుకుంది. ఎలా ఉన్నావే అంటే, రాయిలా ఉన్నాను పిన్నీ, మెట్లెక్కి దిగుతున్నాను అంది. అబద్ధం ఎందుకు, నాకు కొంచెం నిరాశగానే అనిపించింది. ఇది బాగుండటం నాకు నచ్చలేదు చూడు, అప్పుడు నువ్వు చెప్పింది తలకెక్కింది. దాని పేరు మొదటి వరసలోనే రాశాను.

ఇక పట్టీ సంగతి. చెదలు తిన్నది కాగితాన్ని, మమ్మల్ని కాదు. మిల్లులో పత్తి ఏరేటప్పుడు కుప్పకు నలుగురం కూర్చుంటాం. ఆ సీజన్లో ఇరవై ఒక్క కుప్పలు. సీజనంతా చోటు మారదు, ఎదురుగా ఎవరు, కుడిపక్కన ఎవరు అన్నది మొగుడి మొహంకన్నా బాగా గుర్తుంటుంది. నేను నా కుప్పలో ముగ్గుర్ని చెప్పాను. వాళ్ళని కలిసి, మీ వెనక కుప్పలో ఎవరే అన్నాను. వాళ్ళు చెప్పినవాళ్ళ దగ్గరికి వెళ్ళి మళ్ళీ అదే అడిగాను. ఒకరు మర్చిపోతే ఎదురు కూర్చున్నది చెప్పింది. ఎనిమిది రోజుల్లో ఇరవై ఒక్క కుప్పలూ నిండాయి. ఎనభై నలుగురం. ఒక్క చోటు కూడా ఖాళీ లేదు.

ఇందులో ఇప్పుడు మిల్లు పట్టీలో పేరున్నవాళ్ళు ఇరవై ముగ్గురు. పోయినవాళ్ళు తొమ్మిదిమంది, ఎవరెప్పుడు పోయారో రాశాను. నలభై ఒక్కమంది దొరికారు. కొందరు బాగున్నారు, ఎక్కువమంది బాగాలేరు, నేనేమీ ఏరలేదు. పదకొండుమంది జాడ లేదు.

జాన్‌బీని ముగ్గురిగా లెక్కేస్తానన్నావు. దానికే ఊపిరి చాలదు, ఇంకో ఇద్దరిని ఎక్కడ మోస్తుంది? వేటపాలెం బస్సెక్కి జీడిపప్పు షెడ్లన్నీ అడిగి ఆ ఇద్దర్నీ నేనే పట్టుకున్నాను. ఒకామె జీడి వలుస్తోంది, వేళ్ళు నల్లగా మాడిపోయాయి. ఇంకొకామె సింగరాయకొండలో తమ్ముడింట్లో ఉంది. జాన్‌బీ ఒక్కతిగానే ఉంటుంది. రాసుకో.

పదకొండుమందికి మాత్రం నీ తూకం వాడుకో, ఇక నా కాళ్ళ వల్ల కాదు.

రసూల్‌బీ

*

హైదరాబాదు,
28 మార్చి 2025

అత్తా,

నీ జాబితాని గోడకి అంటించుకున్నాను. ఇరవై ఒక్క కుప్పలు, ఒక్కొక్కదాని చుట్టూ నాలుగు పేర్లు. మా ఆఫీసులో అందరూ వచ్చి చూసి వెళ్తున్నారు. ఇలాంటి పట్టీ కోసం మేం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతాం, అయినా దొరకదు. పెద్దసారు కూడా చూశాడు. దొరికిన నలభై ఒక్కమందినీ ఏప్రిల్ ఇరవై ఒకటి, సోమవారం పొద్దున ఊదించడానికి ఒప్పుకున్నాడు. నీ సోమవారం నీకు దక్కింది.

నువ్వు నా మేనత్తవని ఆయనకి చెప్పేశాను. దాచితే తర్వాత అదే తప్పవుతుంది. అందుకే ఆ రోజు నేను రాకూడదు. శ్రీరమ్య అనే అమ్మాయి మిషను తెస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పేరున్నవాళ్ళు ఇరవై ముగ్గురన్నావు కదా, వాళ్ళ డిసెంబరు అంకెలు తీసి నీ జాబితా పక్కన పెట్టాను. పదకొండుమంది ఊపిరి వయసుకు తగ్గట్టు తగ్గింది. పన్నెండుమందిది తగ్గలేదు, సరికదా పాతికేళ్ళవాళ్ళలా ఉంది. అందరూ యాభై దాటినవాళ్ళే. పదేళ్ళు ఆ దుమ్ములో కూర్చుంటే అలా ఉండటం కుదరదు. ఆ పన్నెండుమందిలో నువ్వూ ఉన్నావు.

నిన్న ఫోను చేశాను, నువ్వు వద్దన్నా. నీ కోడలు గుల్జార్ తీసి నువ్వు పొలంలో ఉన్నావంది. వెనకనుంచి ఎవరో ఊపిరి ఎగబీలుస్తున్న చప్పుడు వినిపించింది.

అత్తా, డిసెంబరులో నీ పేరు పిలిస్తే ఊదింది ఎవరు?

నజ్మీన్

*

పర్చూరు,
3 ఏప్రిల్ 2025

నజ్మీన్,

పండగ బాగా జరిగింది. సేమ్యా పంపుదామంటే పోస్టులో పాడవుతుంది.

ఊదింది గుల్జార్.

మిల్లులో చోటు మనిషిది కాదు, పేరుది. ఒకామె జబ్బుపడితే ఇంట్లోంచి ఇంకొకరు వెళ్ళి ఆ పేరుకి పలుకుతారు. మేస్త్రీకి తెలుసు, మేనేజరుకి తెలుసు, తెలియనట్టుంటారు. కొత్త పేరు రాయించుకుంటే పత్తిలోంచి గింజ తీసే జిన్ను మిషన్ల పక్కన వేస్తారు, అక్కడ దుమ్ములో పక్కమనిషి కనబడదు. పాత పేరుకైతే కుప్ప దగ్గర కూర్చోనిస్తారు. అందుకని కోడళ్ళూ కూతుళ్ళూ పాత పేర్లతోనే వెళ్తారు. మూడు సీజన్లుగా గుల్జార్ నా పేరుకి పలుకుతోంది. మీ వాళ్ళు 'షేక్ రసూల్‌బీ' అంటే ఆ పిల్ల లేచి వెళ్ళింది, ఊదమంటే ఊదింది. వయసు మేస్త్రీ పట్టీలో చూసి చెప్పాడు. నూట పద్దెనిమిదిమందిని తొందరగా తేల్చెయ్యాలని మీ వాళ్ళు కూడా తల ఎత్తలేదు. ఇందులో మోసముందని దానికి తోచలేదు, నాకూ తోచలేదు. గేటు మీద కాగితం చూశాకే తోచింది. ఆ మంచి ఊపిరి అంకెల్లో మా ఇంటిదీ ఉందని ఆ రోజే తెలుసు. నిన్ను తిడుతూ ఉత్తరం రాశాను గానీ ఆ మాట రాయలేకపోయాను. అందులో సగం తిట్లు నాకే.

ఫోను ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిందిగా. మాట్లాడితే మాటకి మాటకి మధ్య ఆగాలి. రాస్తే ఎంతసేపు ఆగినా నీకు తెలియదు. పొదిలి పోయాను, వేటపాలెం పోయాను అని గొప్పలు చెప్పాను. ప్రతి గడప దగ్గరా ముందు కాసేపు కూర్చుని, తర్వాతే అడిగేదాన్ని. దాంతో వాళ్ళు మంచినీళ్ళిచ్చి ఇంకో పేరు చెప్పేవాళ్ళు.

మిగతా పదకొండు పేర్లు నన్ను అడగకు. అవి వాళ్ళు చెప్పాలి. చెబితే ఇంట్లో పిల్లలు జిన్నుల గదికి పోతారు, లేదా గేటు బయటికి. నాది మాత్రం రాసుకో.

అత్త

*

హైదరాబాదు,
9 ఏప్రిల్ 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఆ స్వీట్లు గుర్తొచ్చి నామీద నాకే అసహ్యమేసింది. మూడేళ్ళుగా నీకు ఊపిరి ఆడటం లేదని నాకు తెలియదు. నెలకోసారి ఫోను చేసి రెండు మాటలు మాట్లాడి పెట్టేసేదాన్ని. నువ్వు రెండు మాటలే మాట్లాడుతున్నావని కూడా గమనించలేదు.

ఎవరి పేర్లూ చెప్పక్కర్లేదు. దారి ఉంది. ఆ పన్నెండు అంకెలూ 'అనుమానాస్పదం' అని లెక్కలోంచి తీసేస్తాను. కారణం అడిగితే మిషను లోపమంటాను. నువ్వూ సురక్షితం, గుల్జార్ చోటూ సురక్షితం. మిగిలిన డెబ్భై ఇద్దరితో కూడా రిపోర్టు నిలబడుతుంది. మొదటి పేజీ ఇప్పటికే తిరగరాశాను. పెద్దసారు సంతకం పెట్టనంటే నా పేరొక్కదానితోనే ఇస్తాను.

ఇరవై ఒకటిన నువ్వు రావద్దు. హైదరాబాదు రా, మంచి డాక్టరుకి చూపిస్తాను.

నీ నజ్మీన్

*

పర్చూరు,
21 ఏప్రిల్ 2025, సోమవారం

నజ్మీన్‌కు,

ఈ ఉత్తరం శ్రీరమ్య చేతికి ఇస్తున్నాను, రేపే నీకు చేరుతుంది.

లెక్కలోంచి తీసేస్తానన్నావు. పని చెయ్యలేకపోతే మిల్లు తీసేసింది. బాగాలేనివాళ్ళం కాబట్టి మీ రిపోర్టు తీసేసింది. ఇప్పుడు మా మీద ప్రేమతో నువ్వు తీసేస్తావా? పైగా లేని లోపం మిషనుకి అంటగడతావా? ఎవర్నీ వదలకూడదని నాకు రాసింది నువ్వే. ఆ పన్నెండుమందిమే అందరికన్నా ఎక్కువ ఊపిరి చెడినవాళ్ళం. మమ్మల్ని తీసేస్తే మళ్ళీ గట్టివాళ్ళే మిగులుతారు. ఇది నేను చెప్పాలా నీకు?

నీ ఉత్తరం ఆ పదకొండుమందికీ చదివి వినిపించాను. ఎవరినీ ఏమీ అడగలేదు. నాలుగో రోజు హనుమాయమ్మ కూతురు వచ్చి, 'పిన్నీ, మా అమ్మ పేరుకి నేను పలుకుతున్నాను, నా ఊపిరి కూడా ఇంకో నాలుగేళ్ళకి దానిలాగే అవుతుంది, అప్పుడు నా పేరుకి నా కూతురు పలుకుతుందా' అంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు.

నిన్న సాయంత్రం మేనేజరు కబురు పంపాడు. గేటు బయట ఊదినవాళ్ళ పేర్లు పట్టీలో ఉండవట. లోపల చోటివ్వలేదు గనక మాలిక్ పంక్చర్ షాపు ముందు బల్లలు వేశాం. నలభై ఒక్కమందిలో ముప్ఫై ఎనిమిదిమంది వచ్చారు. లక్ష్మీదుర్గ పొదిలినుంచి మొదటి బస్సుకే వచ్చింది, బాగున్నదాన్ని నేనూ లెక్కలో ఉండాలంటగా అంటూ. జాన్‌బీని కుర్చీతో సహా ఆటోలో ఎక్కించి తెచ్చాడు అన్వర్.

తర్వాత మా పన్నెండుమంది వంతు, మా పేర్లు పొద్దునే శ్రీరమ్య పట్టీలో రాయించాం. శ్రీరమ్య పట్టీ చూసి 'షేక్ రసూల్‌బీ' అని పిలిచింది. అలవాటు కొద్దీ గుల్జార్ లేవబోయింది, మళ్ళీ కూర్చుంది. నేను లేచాను. ఆరు సెకన్లు ఊదాలట. రెండో సెకనుకే నాలో ఏమీ మిగల్లేదు. ఆ పిల్ల ఎంతో నెమ్మదిగా ఇంకోసారి, ఇంకోసారి అంది. మూడుసార్లు ఊదాను. అంకె చెప్పడానికి మొహమాటపడుతుంటే నేనే వంగి చూశాను. ఉండాల్సినదాంట్లో నూటికి నలభై మూడు. నా తర్వాత గుల్జార్ వెళ్ళి, పట్టీలో లేని పేరు రాయమంది. 'షేక్ గుల్జార్ బేగం, ఇరవై ఆరేళ్ళు, మూడు సీజన్లు' అని తనే చెప్పింది. గేటులోంచి మేనేజరు చూస్తున్నాడు, వినబడాలనే అంత గట్టిగా చెప్పింది. మిగతా పదకొండు ఇళ్ళవాళ్ళూ ఇద్దరిద్దరుగా వచ్చి అలాగే చెప్పారు.

మధ్యాహ్నానికి పన్నెండు పేర్లూ కొట్టేశారు. గుల్జార్ చోటు పోయింది, నిజమే. భయం లేదని అబద్ధం చెప్పను. కానీ పన్నెండుమంది పిల్లలూ గేటు ముందే కూర్చున్నారు. వాళ్ళని చూసి లోపలనుంచి ఇంకో ముప్ఫైమంది కుప్పలు వదిలేసి వచ్చారు. పత్తి అలాగే పడుంది. ఎవరి పేరు వాళ్ళు రాయించుకుని, కుప్ప దగ్గరే కూర్చుంటామంటేనే లేస్తారట.

పేర్లు బయటపెట్టకూడదని మీ నియమమని రాశావు. నువ్వు పెట్టొద్దు. శుక్రవారం నువ్వు నీ లెక్క ఉన్నది ఉన్నట్టు చదువు. బస్సు మాట్లాడుకున్నాం, గుంటూరు మేమే వస్తున్నాం. పేర్లు మేం చెప్పుకుంటాం. నాకు మాట మాటకి ఆగాల్సి వస్తుంది, ఆ కమిటీవాళ్ళు ఆగి వినాల్సిందే.

రాసింది షేక్ రసూల్‌బీ.
పక్కనే కూర్చుని చదివి సంతకం పెట్టింది షేక్ గుల్జార్ బేగం.